పార్సనేజ్‌లో శరణార్థులను చేర్చుకునే ముందు

తమ్ముడికి ప్రభువు నామంలో వందనాలు.

బ్రాంప్టన్‌లో మీ సంఘం పార్సనేజ్ (పాస్టర్ గారి నివాసం) ఖాళీ అయిందనీ, అందులో శరణార్థులకు చోటిద్దామని పెద్దలు అనుకుంటున్నారనీ రాశావు. చాలా సంతోషం. కానీ పెయింట్లు, పరుపుల సంగతి తర్వాత. ముందు ఎవరి కోసం తెరుస్తున్నారో తేల్చుకోండి. 1979లో వియత్నాం, కంబోడియా, లావోస్ వాళ్లను కెనడా చర్చిలు రప్పించుకున్నది స్పాన్సర్‌షిప్ పద్ధతిలో. ఆ దారిలో వచ్చేవాళ్లకు పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, ముందే ఖాయమవుతుంది, మొదటి ఏడాది బాధ్యత స్పాన్సర్లది. నువ్వు రాసినదాన్ని బట్టి మీరు చేర్చుకోబోయేది వాళ్లను కాదు. పియర్సన్ విమానాశ్రయంలో దిగి శరణు కోరినవాళ్లు, దేశంలోకి వచ్చాక శరణు క్లెయిమ్ వేసినవాళ్లు. వీళ్లకు స్పాన్సర్ ఉండరు, క్రెడిట్ హిస్టరీ ఉండదు, అద్దెకు ఇల్లిచ్చేవాళ్లు దొరకరు. పార్సనేజ్ అవసరం నిజంగా వీళ్లకే.

డబ్బు లెక్క దాచకుండా కమిటీ ముందు పెట్టు. పని దొరికేదాకా ఎక్కువమంది ఒంటారియో వర్క్స్ అనే ప్రభుత్వ సహాయం మీద ఉంటారు. అందులో అద్దె కోసం వచ్చేది ఒంటరి మనిషికి గరిష్ఠంగా నెలకు 390 డాలర్లు, నలుగురి కుటుంబానికి 756. ఐదు పడకగదుల ఇంట్లో నలుగురి కుటుంబానికి రెండు గదులు, ముగ్గురు ఒంటరివాళ్లకు తలా ఒకటి ఇస్తే మొత్తం 1,926 డాలర్లు. అంతకు మించి ఒక్క డాలరు అడగవద్దు. ఈ డబ్బుతో బయట ఐదు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని నడపడం కుదరదు. సొంత పార్సనేజ్ ఉంది కాబట్టే మీకు ఇది సాధ్యం. గ్యాస్, హైడ్రో (కరెంటు), నీళ్లు, ఇన్సూరెన్స్, ఇంటర్నెట్, ఫర్నేస్ రిపేరు ఖర్చులకు తక్కువపడేదంతా కానుకల నుంచే రావాలి. కనీసం మూడు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచనిదే తలుపు తీయవద్దు. ఇంకో మాట. భోజనం కూడా చర్చే పెడుతోందని కాగితం మీద రాసిస్తే ఒంటారియో వర్క్స్ ఆఫీసువాళ్లు బోర్డర్, అంటే భోజనంతో సహా గది తీసుకున్నవాళ్లు, అని లెక్క కట్టి వాళ్ల మొత్తం తగ్గిస్తారు. గది మీది, వంట వాళ్లది. అదే మర్యాద కూడా.

ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పాలి. పాస్టర్ కుటుంబం ఉండే ఇల్లని రాసిన పాలసీ మీద సంబంధం లేని నాలుగు కుటుంబాలు ఉంటే, నిప్పంటుకున్న రోజు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకు అదే చాలు. లాడ్జింగ్ హౌస్ (గదులు విడివిడిగా అద్దెకిచ్చే ఇల్లు) లైసెన్సు గురించి సిటీ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, ఒక్కో ఊరి నియమం ఒక్కోలా ఉంటుంది. బేస్‌మెంట్‌లో ఎవరినైనా పడుకోబెట్టేటట్లయితే కిటికీ కొలవండి. తెరిచినప్పుడు ఖాళీ 0.35 చదరపు మీటర్లు ఉండాలి, ఎత్తుగానీ వెడల్పుగానీ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లేకపోతే ఆ గది సామాన్లకే. స్మోక్ అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా పెట్టించండి. ఫర్నేస్ గ్యాస్‌ది కాబట్టి పడకల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి. వంటింటి పక్కన అలారం పెడితే తాలింపు వేసిన ప్రతిసారీ మోగుతుంది, వారం తిరక్కుండా ఎవరో బ్యాటరీ పీకేస్తారు. అక్కడికి ఫొటోఎలక్ట్రిక్ రకం తెప్పించి, పొయ్యికి దూరంగా బిగించండి. పొగ బయటికి పోయే హుడ్ వేయించండి.

పాత పరుపులు ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా తీసుకోవద్దు. నల్లులు ఒకసారి దూరితే ఇంటి మొత్తానికీ పని పడుతుంది. కొత్త పరుపు, చుట్టూ జిప్పున్న కవరు, ఇనుప మంచం. కొత్తగా వచ్చినవాళ్ల బట్టలన్నీ డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పాలి. ఇది అందరికీ ఒకే నియమమని మొదటి రోజే చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

గొడవలు మొదలయ్యేది వంటింట్లోనే. ఏడుగురికి ఒక్క ఫ్రిజ్ చాలదు, రెండు కావాలి. అరకొక పేరు, కప్‌బోర్డుకొక తాళం. హలాల్ తినేవాళ్లకు గిన్నెలు, కత్తి విడిగా. ఎరిత్రియా, ఇథియోపియా ఆర్థడాక్స్ వాళ్లు బుధ, శుక్రవారాలు మాంసం, పాలు ముట్టరు. రంజాన్‌లో తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి, కాబట్టి రాత్రి పదికి వంటిల్లు మూత అనే నియమం పెట్టవద్దు. మన ఆడవాళ్లు ఆదివారం బిరియానీ పట్టుకెళ్తామంటారు. తీసుకెళ్లనివ్వు, కానీ ముందు ఫోన్ చేసి, తలుపు కొట్టి, పిలిస్తేనే లోపలికి వెళ్లాలి. ప్రతి గదికీ లోపలి నుంచి గడియ, బయటికి తాళం ఉండాలి. మారు తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి, అదెవరో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, పోస్టు డబ్బా. నవ్వుకోకు. శరణు ఇవ్వాలో లేదో తేల్చే బోర్డు పెట్టే విచారణ (హియరింగ్) తేదీ చెప్పే నోటీసు ఆ డబ్బాలోకే రావచ్చు. అది జంక్ మెయిల్‌తో కలిసి చెత్తబుట్టలో పడి, మనిషి బోర్డు ముందుకు వెళ్లకపోతే, క్లెయిమ్ వదిలేసినట్టు లెక్కకట్టడానికి ఇంకో హియరింగ్ పెడతారు. అక్కడా నిలబడకపోతే ఆ మనిషి కెనడాలో జన్మలో మళ్లీ శరణు కోరలేడు. అందుకే ఒక్కో ఇంటివాళ్లకూ పేరుతో తాళమున్న డబ్బా పెట్టండి. చేరిన రోజే అడ్రసు మార్పు ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డుకు, బోర్డర్ ఏజెన్సీకి, ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంట్‌కు విడివిడిగా పంపించాలి. ఒకరికి చెబితే మిగతావాళ్లకు చేరుతుందనుకుని చాలామంది మునుగుతారు. లాయరుకూ చెప్పాలి. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడూ మళ్లీ ఇదంతా చేయాలి.

కాగితాలకు ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి ఇవ్వండి. శరణు కోరినట్టు చూపే క్లెయిమెంట్ డాక్యుమెంటు, మెడికల్ పరీక్షకు ఇచ్చిన ఫారం, వర్క్ పర్మిట్, పనికీ పన్నుకూ కావలసిన, 9తో మొదలయ్యే సిన్ నంబరు, లాయర్ రసీదులు అందులో ఉంటాయి. ఆ ఫోల్డరు వాళ్ల దగ్గరే ఉండాలి. భద్రం కోసమని కూడా చర్చి బీరువాలో పెట్టవద్దు. ఆ మెడికల్ పరీక్ష ఆలస్యమైతే వర్క్ పర్మిట్ కూడా ఆలస్యమవుతుంది, కాబట్టి మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ వాళ్లు గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ ఖర్చు ఫెడరల్ హెల్త్ ప్రోగ్రామ్ భరిస్తుంది.

లాయరు కోసం, డబ్బు లేనివాళ్లకు న్యాయ సహాయం ఇచ్చే లీగల్ ఎయిడ్ ఒంటారియోకు ఫోన్ చేయించాలి. నగదు తీసుకుని అందరికీ ఒకే కథ పేర్లు మార్చి రాసిచ్చే కన్సల్టెంట్లు తిరుగుతుంటారు, వాళ్ల కార్డులు ఇంట్లో కనపడనివ్వకు. ఎందుకు శరణు కోరుతున్నారో రాసే బేసిస్ ఆఫ్ క్లెయిమ్ ఫారంలో కథ మీ సంఘంలో ఎవరూ రాయకూడదు, మెరుగులు పెట్టకూడదు. ఫారంలో ఒకటి, హియరింగ్‌లో ఒకటి వస్తే నిజమైన మనిషి కూడా అబద్ధికుడిలా కనపడతాడు. మీరు చేయగలిగింది వేరే ఉంది. సాక్ష్యాలు హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు బోర్డుకు చేరాలి, ఇంగ్లీషు, ఫ్రెంచి కానివాటికి అనువాదమూ అనువాదకుడి సంతకమూ కావాలి. ఆ తేదీలు క్యాలెండరులో రాసి గుర్తుచేయండి. అదే ఊరివాళ్లనో, పిల్లలనో దుబాసీలుగా కూర్చోబెట్టవద్దు. తల్లి తనకు జరిగినది కొడుకు నోటితో చెప్పలేదు.

ప్రార్థన సంగతి. ఇంట్లో ఉండటానికీ ఆరాధనకు రావటానికీ సంబంధం లేదని ఒప్పందపత్రంలోనే రాయండి. ఆ పత్రం వాళ్ల భాషలో ఉండాలి, ఇక్కడి అద్దె చట్టం తెలిసిన లాయరు ముందు చూడాలి. ఇల్లిచ్చినవాళ్ల మాటకు కాదనే ధైర్యం వాళ్లకు ఉండదు. మనం ఊరికే పిలిచినా వాళ్లకు అది ఆజ్ఞలాగే వినపడుతుంది. ఫొటోలు అసలు వద్దు, వెనకనుంచి తీసినవి కూడా. ఫేస్‌బుక్‌లో పడిన ఒక్క ఫొటో ఊళ్లో మిగిలిన తమ్ముడి ప్రాణం మీదికి తేగలదు. ఇంట్లోకి వెళ్లే ప్రతి వాలంటీరుకూ పోలీసుల వల్నరబుల్ సెక్టర్ చెక్ (పిల్లలు, నిస్సహాయుల మధ్య పనిచేసేవాళ్ల నేరచరిత్ర పరిశీలన) చేయించాలి, పాస్టర్ గారికీ మినహాయింపు లేదు.

వీలైతే మీలో ఒకరిద్దరు అక్కడే కాపురముండాలి. టొరంటోలో మేరీ జో లెడ్డీ గారు నిలబెట్టిన రొమేరో హౌస్‌లో వాలంటీర్లు శరణార్థులతో కలిసి అవే ఇళ్లలో ఉంటారు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే పక్క గది తలుపు కొట్టే వీలుంటుంది. వారానికోసారి గంటసేపు అందరూ కూర్చుని బాత్‌రూమ్ వంతులు, చెత్త రోజు, హీటర్ ఎంత మీద ఉండాలో తేల్చుకుంటే చాలా గొడవలు పుట్టకముందే పోతాయి.

వెళ్లే తేదీ గురించి మొదటి రోజే మాట్లాడాలి. క్లెయిమ్ ఒప్పుకున్నాక కొన్ని నెలల గడువు మంచిది, హియరింగ్ ముందు మాత్రం ఎవరినీ కదపవద్దు. బయట ఇల్లు దొరకాలంటే మొదటి నెల, చివరి నెల అద్దె ఒకేసారి కట్టాలి. దానికి సంఘం వడ్డీ లేని అప్పు నిధి ఒకటి పెట్టాలి. నెలనెలా అద్దె కట్టిన రసీదులు తేదీలతో ఇస్తూ ఉండండి. కొత్త ఓనరుకు చూపించడానికి వాళ్ల దగ్గర అవి తప్ప ఇంకేమీ ఉండవు.

కమిటీలో ఎవరైనా ఇన్సూరెన్స్ మాట రేపు చూద్దామంటే ఒప్పుకోకు. ఆ కాగితం చేతికొచ్చాక మళ్లీ ఉత్తరం రాయి.

మీ పెద్దక్క