మార్చి దాటితే తోట బోసిపోతోందా?

అక్కా, చలికాలంలో చామంతి, బంతితో కళకళలాడిన మీ అనంతపురం ఇంటి తోట మార్చికల్లా బోసిపోతోందని రాశారు. మీ పెంపకంలో లోపం లేదు. చామంతికి పగటి పొద్దు తగ్గితేనే మొగ్గ వస్తుంది.

ఎండాకాలానికి వేరే మొక్కలు కావాలి. గోడ పక్కన కాగితాల పూల తీగ పెట్టండి. నీళ్లు తగ్గిస్తేనే విరగబూస్తుంది, రోజూ తడిపితే ఆకే మిగులుతుంది. కుండీల్లో బిళ్ళ గన్నేరు, టేబుల్ రోజ్ చాలు. మల్లెకు మాత్రం జనవరిలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు సగానికి కత్తిరించాలి. తర్వాత పశువుల ఎరువు వేసి తడి పెడితే మార్చి నుంచి మొగ్గలు. పచ్చని చెట్టుకు కత్తెర పెట్టడానికి మనసొప్పదు కానీ, తప్పదు.

జూన్‌లో బంతి విత్తనం చల్లితే రెండు నెలలకు పూస్తుంది. అంతా ఒకేసారి చల్లేయకుండా మూడు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లండి, దసరాకూ దీపావళికీ కొనే పని ఉండదు. చామంతి పిలకలు కూడా జూన్‌లోనే నాటండి. కనకాంబరం దాదాపు ఏడాదంతా పూస్తుంది, మే ఎండకు కాస్త నీడ ఇస్తే చాలు.

బోరు నీళ్లకు బకెట్ మీద తెల్ల చారలు పడుతుంటే ఆ నీళ్లలో సున్నం ఎక్కువన్నట్టు, నూరు వరహాల జోలికి పోకండి, ఆకులు పసుపెక్కిపోతాయి.