బ్యాకప్ ఫైళ్లన్నీ ఖాళీ... నష్టానికి బాధ్యత ఎవరిది?

ప్రశ్న: డాబాగార్డెన్స్‌లో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు ఉంది. బిల్లింగ్, స్టాకు, పార్టీల బాకీలు అన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ పెట్టిన హైదరాబాద్ కంపెనీకే ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కడుతున్నాను. గత నెల హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ తెరిస్తే నాలుగు నెలల ఫైళ్లన్నీ సున్నా కేబీ! రోజూ ‘సక్సెస్’ అనే చూపించింది. ‘బ్యాకప్ మీరే చూసుకోవాలి, డిస్క్ పంపితే ఫార్మాట్ చేసి మళ్లీ లోడ్ చేస్తాం’ అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా? పోలీసు కేసు పెట్టొచ్చా?
– ఒక వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: ముందుగా, ఆ డిస్క్ వాళ్లకు పంపకండి. మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి కూడా. డేటా రికవరీ ల్యాబ్‌లో కొంతైనా బయటికి రావొచ్చు. పైగా మీకున్న సాక్ష్యం అదే. ఫార్మాట్ అయిందంటే మీ డేటాతో పాటు కేసూ పోతుంది.

‘సక్సెస్’ అని ఎందుకు చూపించిందో తేలితే బాధ్యత ఎవరిదో చాలావరకు తేలిపోతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ మారితే బ్యాకప్ కమాండ్ మొదట్లోనే ఆగిపోతుంది. అయినా కొన్ని ఏర్పాట్లలో ఖాళీ ఫైలు తయారవుతుంది, షెడ్యూలర్ (రోజూ వేళకు బ్యాకప్ నడిపే ప్రోగ్రామ్) దాన్ని పని పూర్తయినట్టే నమోదు చేస్తుంది. డిస్క్ నిండిపోయినా బ్యాకప్ ఆగిపోతుంది. కాబట్టి నాలుగు నెలల కిందట ఏం మారిందో వెతకండి. ఆ రోజుల్లో వాళ్ల టెక్నీషియన్ వచ్చాడా? సర్వీస్ స్లిప్, వాట్సాప్ మెసేజ్‌లు, ఏఎంసీ బిల్లులు తీసి పెట్టుకోండి. ఖాళీ ఫైళ్లు మొదలైన తేదీ, అతను వచ్చిన తేదీ ఒకటైతే వాళ్లు తప్పించుకోవడం కష్టం. కంపెనీతో సంబంధం లేని నిపుణుడితో డిస్క్ కాపీ, లాగ్‌లు (సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే ఫైళ్లు) తీయించి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం నిపుణుడే సంతకం చేయాలి. ఉత్త స్క్రీన్‌షాట్లు నమ్ముకోవద్దు.

ఇక ఏఎంసీ కాగితంలో ‘బ్యాకప్’, ‘మానిటరింగ్’ అన్న మాటలున్నాయా చూడండి. ఉంటే వాళ్ల వాదన నిలవదు. లేకపోయినా, బ్యాకప్ సెట్ చేసింది వాళ్లేనని, ప్రతి విజిట్‌లో చూసేవాళ్లని స్లిప్పులు చెబితే మీకు బలమే. ఫెయిల్ అయినట్టు హెచ్చరిక మెయిల్స్ మీ ఇన్‌బాక్స్‌కు వచ్చి ఉంటే మాత్రం పరిహారం తగ్గవచ్చు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద నష్టం లెక్కగట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే దారి మీకు ఉందా అన్నది కూడా చూస్తారు. రికవరీ ఖర్చు, మళ్లీ ఎంట్రీ చేసిన గుమాస్తాల జీతం అడగొచ్చు. పోయిన కస్టమర్ల లాభాన్ని రాబట్టడం చాలా కష్టం.

వినియోగదారుల కమిషన్ మీకు సరిపోదని నా అభిప్రాయం. వ్యాపారం కోసం తీసుకున్న సేవ 2019 చట్టంలో రాదు. స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీసుకునేవారికి మినహాయింపు ఉన్నా, హోల్‌సేల్ వ్యాపారికి అది దొరకడం అనుమానమే. నష్టం రూ.3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టు. అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకోవాలి. నష్టం రూ.3 లక్షల కంటే తక్కువైతే మామూలు సివిల్ కోర్టు. ఒప్పందం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి గడువు మూడేళ్లు. ఒప్పందంలో ‘హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే’ అనో, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తీర్పరి ముందు తేల్చుకోవడం) అనో ఉంటే విశాఖలో దావా నిలవకపోవచ్చు. ఆ పేజీ ఇప్పుడే చదవండి.

పోలీసు కేసుకు నిర్లక్ష్యం ఒక్కటే చాలదు. ఎవరైనా కావాలని డేటా చెరిపినట్టు లాగ్‌లో కనిపిస్తే అప్పుడు సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66 కింద ఫిర్యాదు చేయొచ్చు.

టెన్షన్‌లో జీఎస్టీ మర్చిపోకండి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు ఉంచాల్సిందే, డిస్క్ పోయిందంటే మినహాయింపు లేదు. పోర్టల్‌లోని జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 2బీ (కొనుగోళ్లపై పన్ను క్రెడిట్ వివరాలు), ఈ-వే బిల్లులు దించుకుని, పార్టీల నుంచి లెడ్జర్లు తెప్పించుకుని పుస్తకాలు మళ్లీ రాయించండి. ఆ ఖర్చుల రసీదులే రేపు పరిహారం అడగడానికి ఆధారం. ఈ వారంలోనే లాయర్ నోటీసు పంపండి, లాగ్‌లు, సర్వీస్ రికార్డులు చెరపకూడదని అందులో స్పష్టంగా రాయించండి.