డాక్టర్ సలహా: లూపస్ అని తేలాక మనసు కుదుటపడటం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 29. రాజోలు దగ్గర పల్లెటూరు. కీళ్ల నొప్పులు, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, జుట్టు రాలడంతో 8 నెలల కిందట కాకినాడలో చూపించుకుంటే లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) అన్నారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రాశారు. నొప్పులు తగ్గాయి గానీ ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. మొన్న పెళ్లిలో అందరి నోటా అదే మాట. బాధేసి 10 రోజుల నుంచి స్టెరాయిడ్ మానేశాను, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం వేసుకుంటున్నాను. మా అత్తయ్యగారు తిప్పతీగ కషాయం ఇస్తున్నారు. నిద్ర పట్టడం లేదంటే మా ఊరి ఆర్‌ఎంపీ గారు అల్ప్రాజొలామ్ అనే నిద్రమాత్ర ఇచ్చారు, వారం నుంచి వేసుకుంటున్నాను. నీరసం, పొద్దున్నే వికారం, సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయి. మావారు కువైట్‌లో ఉంటారు, వచ్చే నెల సెలవుకి వస్తారు. బాబుకి 4 ఏళ్లు. అందరికీ భారమైపోయానని అనిపిస్తోంది. నేనేం పాపం చేశాను? ఈ జబ్బుతో మనసు గట్టి చేసుకుని ఎలా బతకాలి? యోగా చేస్తే మంచిదేనా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, మీరు అడిగింది మనసు గురించి. దానికి వస్తాను. మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి ముందు తేలాలి. 8 నెలలు వాడిన స్టెరాయిడ్‌ని ఉన్నపళంగా ఆపేశారు. ఇది చదవగానే మీకు మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మళ్లీ ఏ మోతాదుతో మొదలుపెట్టాలో మిమ్మల్ని చూసినవారే చెప్పాలి. ఎన్ని మిల్లీగ్రాములు వాడారో మీరు రాయలేదు, మిమ్మల్ని చూడకుండా ఇక్కడ నేను అంకె చెప్పడం సరికాదు.

ఇంత తొందర ఎందుకంటే, మన కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. 3 వారాలకు మించి ప్రెడ్నిసొలోన్ వాడితే అవి తమ పని తగ్గించేసుకోవచ్చు. మాత్ర ఆపిన మర్నాడే తిరిగి మేలుకోవు, వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఈలోగా ఒంట్లో కార్టిసాల్ చాలదు. నీరసం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఒళ్లు నొప్పులు, దిగులు, చిన్న మాటకే ఏడుపు దీనివల్ల రావచ్చు. మీరు రాసినవాటిలో చాలావరకు ఇవే. కాబట్టి 'తట్టుకోలేకపోతున్నాను' అని మీరు అనుకుంటున్నదాంట్లో కొంత మాత్ర ఆపినందువల్ల వచ్చిందే అయ్యుండొచ్చు.

వాంతులు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, కడుపు నొప్పితో పాటు కళ్లు తిరిగి పడబోయినా ఫోన్లతో కాలయాపన చేయకండి. అమలాపురమో పాలకొల్లో, ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లిపోండి. డ్యూటీ డాక్టర్‌కి మొట్టమొదట చెప్పాల్సిన మాట: "8 నెలలు ప్రెడ్నిసొలోన్ వాడి, ఒక్కసారిగా ఆపేశాను." అది వింటే వాళ్లు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. "వాంతులండీ" అని ఊరుకుంటే గ్యాస్ ఇంజెక్షన్ చేసి, ఓ సెలైన్ ఎక్కించి పంపేసే ప్రమాదం ఉంది. ఆ వాక్యాన్ని మందుల పేర్లతో సహా కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే పక్కనున్నవాళ్లు చూపిస్తారు.

ఇక కాళ్ల వాపు. లూపస్‌లో నాకు అన్నిటికంటే భయం కిడ్నీల గురించే, ఎందుకంటే అవి నొప్పి పుట్టకుండానే పాడవుతాయి. ఇంట్లోనే ఒక పని చేయండి. సాయంత్రం చీలమండకి నాలుగు వేళ్ల పైన, ఎముక మీద బొటనవేలితో 10 సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది నీరు. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బడం, మూత్రంలో నురగ వచ్చి ఎంతకీ పోకపోవడం కూడా గమనించండి. ఇవి లేవని ధీమాగా ఉండటానికి లేదు. ఏమీ కనిపించకపోయినా మూత్ర పరీక్ష, అందులో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపించాలి. 0.5 దాటితే కిడ్నీ సంగతి గట్టిగా పట్టించుకోవాలని అర్థం. పొద్దున్నే మొదటి మూత్రం, కొంచెం వదిలేశాక మధ్యలోది పట్టివ్వండి. నెలసరి రోజుల్లో ఇవ్వొద్దు, లెక్క తప్పుతుంది. దానితో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష, లూపస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే సీ3, సీ4, డీఎస్-డీఎన్‌ఏ రక్తపరీక్షలు, బీపీ కూడా చూపించుకోండి. లూపస్‌ని గుర్తించడానికి మొదట్లో చేసే ఏఎన్‌ఏ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించుకుని డబ్బు పోగొట్టుకోకండి. జబ్బు అదుపులో ఉన్నా అది పాజిటివ్‌గానే ఉండొచ్చు, పోయిందా లేదా అని చూడటానికి పనికొచ్చే పరీక్ష కాదది.

ముఖం సంగతి. స్టెరాయిడ్ వాపు బుగ్గల్లో గుండ్రంగా ఉంటుంది. మోతాదు తగ్గించుకుంటూ పోతే కొన్ని నెలల్లో తగ్గుతుంది. పైగా డాక్టర్లు స్టెరాయిడ్‌ని వీలైనంత తక్కువకి, కుదిరితే రోజుకి 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే కిందికి తేవాలనే చూస్తారు. మీరు "ముఖం ఇలా అయింది, తగ్గించే దారి ఉందా" అని అడిగి ఉంటే, మోతాదు దించడమో, ఆ లోటు పూడ్చే మరో మందు కలపడమో ఆలోచించేవారు. అడగకుండా ఆపేశారు. ఉప్పు కూడా కొంత చూసుకోండి. రోజు మొత్తానికి ఒక టీస్పూన్, అంటే 5 గ్రాములు మించొద్దు. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మన వైపు విస్తట్లో వద్దంటే ఇంకో గరిటె పడుతుందని తెలుసు, అయినా చెప్పడం నా పని.

తిప్పతీగ దగ్గర కాస్త ఆగుతాను. కోవిడ్ రోజుల నుంచి కంచె మీద పాకిన ప్రతి తీగా కషాయమైపోయింది. 'రోగనిరోధక శక్తి పెరుగుతుంది' అంటారు. మీ జబ్బులో ఆ రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి సొంత కణాల మీద పడుతోంది. దాన్ని అణచడానికే మేం మందులిస్తున్నాం, ఇంట్లో దాన్ని ఎగదోసే కషాయం తాగుతున్నారు. 2021లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశపు డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారు. ఆటో ఇమ్యూన్ ధోరణి (ఇలా సొంత ఒంటి మీదే దాడి జరిగే తత్వం) ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువ కావచ్చని కూడా అన్నారు. ఆ మాటని ఒప్పుకోనివారూ ఉన్నారు. కానీ ఇప్పటికే లూపస్ ఉన్న మనిషి మీద ఆ ప్రయోగం అక్కర్లేదు. ఈరోజే ఆపేయండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి తిరిగినా వెంటనే చెప్పండి. అత్తయ్యగారు ప్రేమతోనే ఇస్తున్నారు, ఆమెని తప్పుపట్టడం లేదు. వచ్చేసారి ఓపీకి ఆమెని కూడా తీసుకెళ్తే ఈ మాట డాక్టరే చెబుతారు, ఇంట్లో మీకు తగువు తప్పుతుంది. 'వాతానికి' ఇచ్చే పేరులేని పొడులు, గుళికలు కూడా వద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, పాదరసం, సీసం బయటపడ్డవీ ఉన్నాయి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటుంటే అదీ మానాలి, కిడ్నీలకు చేటు.

అల్ప్రాజొలామ్ నిద్ర పట్టిస్తుంది, దిగులుని తగ్గించదు. కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతుంది, ఆపబోతే నిద్రలేమి రెట్టింపై తిరిగొస్తుంది. మీరు వాడింది వారమే కనుక, ఎలా మానాలో అదే ఫోన్లో డాక్టర్‌ని అడిగేయండి. స్టెరాయిడ్ మళ్లీ మొదలయ్యాక, వేరేలా చెబితే తప్ప, మొత్తం పొద్దున టిఫిన్ కాగానే వేసుకోండి. సాయంత్రం వేసుకుంటే నిద్ర చెడుతుంది.

ఇప్పుడు మనసు. లూపస్ ఉన్నవారిలో డిప్రెషన్, ఆందోళన మామూలు జనం కంటే ఎక్కువ. కారణం ఒక్కటే ఉండదు. జబ్బు, స్టెరాయిడ్, రక్తహీనత, థైరాయిడ్, ముఖం మారిపోవడం, నలుగురి మాటలు అన్నీ కలిసి వస్తాయి. అందుకే హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, విటమిన్ డి, బీ12 కూడా చూపించుకోండి. 2 వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టమైన పని మీద కూడా మనసు పోవడం లేదా? రెండిట్లో ఒక్కదానికి అవునన్నా సైకియాట్రిస్టుని కలవాల్సిందే. ఆ మందులు పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, మూడో రోజుకే 'గుణం లేదు' అని మానేయకండి. లూపస్ మందులతో కలిపి వాడదగ్గవి ఉన్నాయి, వాడుతున్నవన్నీ ఆయనకు చూపించండి.

'భారమైపోయాను' అన్న మాటని నేను తేలిగ్గా తీసుకోను. చచ్చిపోతే బాగుణ్ననే ఆలోచన వస్తుంటే ఒంటరిగా ఉండొద్దు. అదే రోజు ఇంట్లో ఒకరికి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పొలానికి తెచ్చిన పురుగు మందులు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లో వేరొకరు తాళం వేసి ఉంచాలి. అన్నట్టు, హైడ్రాక్సీక్లోరోక్విన్ బాబుకి అందనివ్వకండి. అంత చిన్నపిల్లలకు ఒకటి రెండు మాత్రలు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. మీకు అదే ఆయువుపట్టు లాంటి మందు, మానొద్దు. ఈ మందు వాడేవారు కంటి పరీక్ష మొదటి ఏడాదిలోనే ఒకసారి చేయించుకోవాలి, మీరూ చేయించుకోండి.

లేనివి కనపడటం, వినపడటం, తికమకగా మాట్లాడటం, ఫిట్స్ వస్తే అది దిగులు కాదు, జబ్బు మెదడుకి పాకిందేమో, మందు ప్రభావమేమో ఆసుపత్రిలో తేలాలి. 'గాలి సోకింది' అని తాయెత్తుల కోసం తిప్పి రెండు రోజులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

పాపం ఏమీ లేదు. జన్యువుల్లో కొంత వీలు, ఆడవారి హార్మోన్లు, ఎండ, ఇన్‌ఫెక్షన్లు కలిసి తెచ్చే జబ్బు, 10 మంది రోగుల్లో 9 మంది ఆడవాళ్లే. అంటుకోదు. నాగ దోషమని పూజ చేయించుకుంటామంటే చేయించుకోండి, మాత్ర వేసుకునే వెళ్లండి. 'ముఖమేంటలా అయింది' అనేవారికి జబ్బు కథంతా చెప్పక్కర్లేదు. "మందు వల్ల, తగ్గుతుంది" అని మాట మార్చేయండి. అన్నీ విప్పి చెప్పుకోవడానికి ఒక్క మనిషిని ఎంచుకోండి.

ఆ మనిషి మీ ఆయనే అయితే మరీ మంచిది. స్టెరాయిడ్ మానేసిన సంగతి ఆయనకి తెలుసో లేదో మీరు రాయలేదు. వీడియో కాల్‌లో ఈ వారమే చెప్పండి. సెలవుకి వస్తున్నారు కనుక మీరు అడగని ఇంకో మాట. ఇప్పుడు గర్భం రాకూడదు. జబ్బు కనీసం 6 నెలలు నెమ్మదించి, కిడ్నీలు బాగున్నాయని తేలాక, డాక్టర్‌తో మాట్లాడి మందులు సరిచూసుకుని అప్పుడు ఆలోచించాలి. అలా ప్లాన్ చేసుకుని పండంటి బిడ్డల్ని కన్నవాళ్లు ఎందరో. ఈలోపు మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు సొంతంగా కొనొద్దు. వాటిలోని ఈస్ట్రోజెన్ కొందరు లూపస్ రోగుల్లో రక్తం గడ్డకట్టిస్తుంది. కండోమ్ వాడండి, మిగతాది గైనకాలజిస్టుని అడగండి.

యోగా చేయండి, మంచిదే. వికారం, కళ్లు తిరగడం తగ్గాకే మొదలుపెట్టండి. డాబా మీద ఎండలో వద్దు, ఎండ లూపస్‌ని రేపుతుంది. తెల్లవారకముందో, పొద్దుపోయాకో ఇంట్లోనే 20 నిమిషాలు. కీళ్లు వాచిన రోజు ఆసనాలు మానేసి ప్రాణాయామంతో సరిపెట్టుకోండి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో కూర్చుని చేసినా చాలు.