బ్రిటిష్ వాళ్ళ అడవి చట్టం ఇంకా ఉందా? ముందు పాత జరిమానా రసీదులు వెతకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ తాతల కాలంలో కొండ మీద పోడు (అడవి నరికి చేసే సాగు) కొట్టుకున్నారు, మేకలు మేపుకున్నారు, వాగులో చేపలు పట్టుకున్నారు. ఇప్పుడు బీటు ఆఫీసరు వచ్చి "ఇది తెల్లోళ్ళ కాలం నుంచీ రిజర్వు ఫారెస్టు, మీకేం హక్కు లేదు" అంటున్నాడు. ఆ చట్టం ఇంకా అమల్లో ఉందా, ఉంటే మన హక్కు అప్పుడే పోయినట్టేనా అని అడిగారు.

నేను లాయర్ని కాదు. రంపచోడవరం వైపు ఒక స్వచ్ఛంద సంస్థలో ఉండి, ఊళ్ళవాళ్ళకి అటవీ హక్కుల దరఖాస్తులు రాసిపెట్టే పని చేశాను. అందుకని పాత గెజిట్లు, కొత్త ఫారాలు రెండింటితోనూ కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఆ అనుభవంతో చెప్తున్నా.

చట్టం మారింది. పద్ధతి మాత్రం చాలావరకు అదే. మీ హక్కు మాత్రం అంత తేలిగ్గా పోదు.

నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా 1927 నాటి ఇండియన్ ఫారెస్ట్ యాక్ట్ అని కనిపిస్తుంది. మన దగ్గర నడిచింది అది కాదు. కోస్తా, రాయలసీమల్లో 1882 నాటి మద్రాసు ఫారెస్ట్ యాక్ట్ ఉండేది. నిజాం ఇలాకాలో హైదరాబాద్ ఫారెస్ట్ యాక్ట్, 1355 ఫసలీ, అంటే మన లెక్కలో సుమారు 1945. ఈ రెండింటినీ తీసేసి ఉమ్మడి రాష్ట్రంలో 1967లో ఆంధ్రప్రదేశ్ ఫారెస్ట్ యాక్ట్ తెచ్చారు. కాబట్టి ఎవరైనా మీకు 1927 చట్టం సెక్షన్లు చదివి భయపెడితే కంగారు పడకండి, ఆయన చదివిందే వేరే పుస్తకం.

కానీ 1882 చట్టాన్ని, 1967 చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదివితే నాలుగో సెక్షన్ అక్కడా ఇక్కడా ఒకే పని చేస్తుంది. ఫలానా హద్దుల మధ్య ఉన్న భూమిని రిజర్వు చేయదలచాం అని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసరు అని ఒకర్ని వేస్తుంది. ఆయన ఆరో సెక్షన్ కింద చుట్టుపక్కల ఊళ్ళకి చాటింపు ఇస్తాడు. ఎవరికైనా హక్కులుంటే గడువులోగా చెప్పుకోవాలి. 1882లో పెట్టిన కనీస గడువు మూడు నెలలు. విచారణ అయ్యాక తుది ప్రకటన వస్తుంది. అది పాత చట్టంలో 16వ సెక్షన్, ఇప్పటి చట్టంలో 15వ సెక్షన్. ఆఫీసుల్లో "ఫోర్ నోటిఫికేషన్ అయింది, ఫిఫ్టీన్ కాలేదు" అని మాట్లాడుకునేది దీని గురించే. గడువులో చెప్పుకోని హక్కు ఆ తుది ప్రకటనతో రద్దు.

అసలు దెబ్బ ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. చెట్టు కొడితే జైలు, మేక దూరితే జరిమానా అన్నవి అందరికీ కనిపిస్తాయి. అడవిలో చేపలు పట్టడం, ఉచ్చులు పెట్టడం, సున్నం కాల్చడం, రాయి తీయడం, చివరికి నిప్పు రాజేయడం కూడా నేరాల పట్టీలో ఉన్నాయి. కానీ వీటన్నింటికీ ముందు, చదువు రాని కొండరెడ్డి, కోయ కుటుంబాలు పై ఊరి నుంచి దిగొచ్చి, తెలియని ఆఫీసరు ముందు తమ కొండ తమదని చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే నోరెత్తనట్టే లెక్క. వాళ్ళకి కబురు అందిందా, అందినా అర్థమైందా అన్నది ఏ గెజిట్లోనూ ఉండదు.

చిత్రం ఏమిటంటే, మద్రాసు ప్రభుత్వంలోనే దీన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. అడవులన్నీ సర్కారువే అనే వాదాన్ని బేడెన్ పావెల్ లాంటి అధికారులు గట్టిగా ముందుకు తెచ్చారు. మద్రాసు రెవెన్యూ బోర్డు మాత్రం 1871లోనే, ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవంటూ దాదాపు లేదు, వాటి మీద ఊళ్ళకి హక్కులున్నాయి అని రాసింది. అందుకే 1878 ఇండియన్ ఫారెస్ట్ యాక్ట్‌ని మద్రాసు తీసుకోలేదు. తర్వాత అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసు వచ్చి కూర్చున్నాడు, 1882లో వేరే చట్టం తయారైంది. రైళ్ళు పెరుగుతున్నాయి, స్లీపర్లకి గట్టి కలప కావాలి. అడిగేవాళ్ళు ఎక్కువైతే బోర్డు వాదన ఎంతకాలం నిలబడుతుంది?

మన్యంలో తిరుగుబాట్లన్నీ అడవి చట్టం వల్లే అని కొందరు రాస్తుంటారు. అది పూర్తిగా సరికాదు. రంప పితూరీ మొదలైంది 1879లో, అంటే ఈ చట్టానికి మూడేళ్ళ ముందు. అక్కడ మంట రేగింది జీలుగు కల్లు మీద వేసిన పన్ను గురించి, రంప ప్రాంతపు దొర అయిన మన్సబ్‌దారు వసూళ్ళ గురించి. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్ మీద పడేనాటికి మాత్రం పోడు మూతపడటం, రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించడం రెండూ కలిశాయి. అదే కాలంలో, పల్నాడు ఊళ్ళలోనూ పశువులు మేపినందుకు పుల్లరి కట్టం అని జనం తిరగబడ్డారు, కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ కాల్పులకి బలయ్యాడు. నిజాం వైపు జోడేఘాట్‌లో కొమరం భీం పోరాటం 1940 దాకా సాగింది. ఇక చరిత్ర ఇంతటితో ఆపుతా, మీకు కావాల్సింది మీ కొండ సంగతి.

"తెల్లోళ్ళ కాలం నుంచీ రిజర్వు" అన్న మాటని మొహమాటపడకుండా పరీక్ష పెట్టండి. ఏ బ్లాకు (అంటే రిజర్వు అడవిలో ఏ భాగం), నోటిఫికేషన్ ఏ తేదీది, నాలుగో సెక్షన్‌దా పదిహేనోదా అని రాతపూర్వకంగా అడగండి, అవసరమైతే సమాచార హక్కు కింద. ఎందుకంటే మన్యం చుట్టూ చాలా భూమి జమీందార్లది, ముఠాదార్లది (ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ళ గుంపు, దాని శిస్తు వసూలు చేసే దొర ముఠాదారు). 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జమీందారీ అడవులు సర్కారు చేతికొచ్చాయి. ముఠాలైతే 1969 దాకా రద్దు కాలేదు. అందుకని బ్రిటిష్ కాలం అని నోటితో చెప్పే బ్లాకు కాగితం తీస్తే 1950ల్లోదో, 60ల్లోదో కావచ్చు. నాలుగో సెక్షన్ ప్రకటన దగ్గరే ఆగి, తుది ప్రకటన దశాబ్దాల పాటు రాని బ్లాకులూ ఉన్నాయి. నేను చదివిన ఒక పాత ప్రకటనలో హద్దు ఇలా నడుస్తుంది: ఫలానా రాతి గుట్ట నుంచి శిఖరం వెంబడి ఈశాన్యంగా, అక్కడి నుంచి వాగు ఎడమ ఒడ్డున దిగి, గుర్తు కొట్టిన ఒక నల్లమద్ది చెట్టు దాకా. ఊరి పెద్దాయనకి చదివి వినిపిస్తే ఆ వాగు పేరు చెప్పాడు, శిఖరం పేరు చెప్పాడు, చెట్టు ఎప్పుడో గాలివానకి పడిపోయిందన్నాడు. ఇప్పుడు హద్దు ఎక్కడో జీపీఎస్ పట్టుకున్నవాళ్ళకీ తెలీదు.

ఒకవేళ నిజంగానే 1890ల్లో పక్కాగా రిజర్వు అయిన బ్లాకే అనుకుందాం. అయినా మీ దారి మూసుకుపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ మొదటి మాటే, వేరే ఏ చట్టంలో ఏమున్నా సరే అని. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి మీ చేతిలో ఉండి, ఇప్పటికీ సాగులో ఉన్న భూమికి, గరిష్ఠంగా నాలుగు హెక్టార్ల వరకు హక్కు గుర్తించాలి. ఇది ఎస్టీలకి. మీరు ఎస్టీ కాకపోతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా ఆ అడవి మీద ఆధారపడి ఉంటున్నట్టు చూపించాలి. అది నిజంగా కష్టం, ముందే చెప్తున్నా. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని కూడా అదే చట్టంలో ఉంది. గ్రామసభ మూడు నెలల్లో దరఖాస్తులు పిలుస్తుంది, చాలకపోతే కారణం రాసి గడువు పెంచుకోవచ్చు. ఇక్కడా మూడు నెలలే. కానీ ఆ గడువు పెంచే అధికారం ఈసారి ఊరి చేతిలో ఉంది.

ఇక రుజువుల సంగతి. మీరు రాసిన దాన్లో "మా దగ్గర ఏ కాగితమూ లేదు" అనే మాట ఉంది. దాదాపు ప్రతి ఇంట్లో మొదట అదే చెప్తారు. అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, ఎప్పుడైనా ఫారెస్టోళ్ళు పట్టుకుని జరిమానా రాశారా అని. వెంటనే ముసలమ్మ లేచి, అటక మీద రేకు పెట్టెలోంచో, దేవుడి పటం వెనకనుంచో మడతలు పడ్డ రసీదు తీస్తుంది. కేసు కోర్టుకి వెళ్ళకుండా కట్టించుకున్న కాంపౌండింగ్ ఫీజు రసీదు. దాని మీద పేరు, ఊరు, బ్లాకు, తేదీ, చేసిన నేరం "పోడు నరుకుట" అని ఉంటుంది. అదే మీ భూమి సాక్ష్యం! ఆ ఏడు ఆ కొండలో ఆ మనిషి సాగు చేశాడని డిపార్టుమెంటే సంతకం పెట్టి ఇచ్చింది. సిగ్గుపడి చాలామంది వీటిని చింపేశారు, అందుకే ముందు ఇవి వెతకమంటున్నాను. కోర్టులో నడిచిన కేసు ఉంటే తీర్పు నకలు తెచ్చుకోండి, అది ఇంకా బలమైనది.

రసీదు లేకపోయినా అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వది చదవండి. కాగితాలే కానక్కర్లేదు. దరఖాస్తుదారు కాని పెద్దవాళ్ళు చెప్పింది రాయించి వేలిముద్ర తీసుకుంటే అది రుజువు. చదును చేసిన మడి, రాళ్ళు పేర్చిన గట్టు, పాత ఇంటి పునాది, బావి, శ్మశానం, కొలుపు చేసే చోటు ఇవన్నీ రుజువే. వదిలేసిన పాత ఊరి దిబ్బ మీద రోలు అలాగే పాతుకుని ఉంటుంది చూడండి, దాన్ని ఫోటో తీయండి. జీలుగు చెట్లు ఉంటే ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరంతా చెప్తుంది. ఎవరి చెట్టు కల్లు వాళ్ళే గీసుకుంటారు, అడగకుండా ఇంకొకరు ఎక్కరు. తరాల నుంచి అక్కడ ఉన్నారనడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి లెక్క లేదు. కనీసం రెండు రకాల రుజువులు జతచేయండి.

ఒక మండలంలో మేం పెట్టిన దరఖాస్తులు కొన్ని "శాటిలైట్ బొమ్మలో సాగు కనపడలేదు" అని ఒకే ఒక్క లైనుతో వెనక్కి వచ్చాయి. పోడు అంటే ఏడాది సాగు చేసి కొన్నేళ్ళు వదిలేసేది. వదిలిన ఏడు తీసిన బొమ్మలో చెట్లే కనిపిస్తాయి కదా! మీకూ అలా వస్తే వదలకండి. కారణం రాతలో ఇవ్వాలి, 60 రోజుల్లోగా పై కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు. శాటిలైట్ బొమ్మ మిగతా రుజువులకి తోడు మాత్రమే, వాటి స్థానంలోకి రాదు.

చేపల గురించి అడిగారు. దానికీ ఒక పాత చట్టం ఉంది, 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ యాక్ట్. ఏడంటే ఏడు సెక్షన్లు. అది రద్దు కాలేదు. నీళ్ళలో మందుగుండు పేల్చినా, విషం, సున్నం లాంటివి కలిపినా అసలు చట్టంలో శిక్ష రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. వల కన్ను ఎంత ఉండాలి, అడ్డుకట్టలు ఎలా వేయాలి, ఏ నీళ్ళలో ఎంతకాలం వేట ఆపాలి అనేవి ప్రభుత్వం రూల్స్ పెట్టుకోవచ్చు. డైనమైట్ నిషేధం మంచిదే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ పల్లెవాడు వాగుకి అడ్డంగా వేసే తడికెని చట్టం కిందికి తెచ్చిన ప్రభుత్వం, అంతకు 45 ఏళ్ళ ముందే ధవళేశ్వరంలో గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టి పులస దారి మూసేసింది. ఆ విషయం ఏ సెక్షన్‌లోనూ లేదు. కొండల్లో కొన్ని చెట్ల బెరడు, కాయలు దంచి మడుగులో కలిపి చేపలకి మత్తెక్కించి పట్టేవాళ్ళు. చట్టం కళ్ళకి అదీ విషమే. మీ ఊళ్ళో ఎవరైనా ఇంకా చేస్తుంటే జాగ్రత్త, దాన్ని హక్కుగా దరఖాస్తులో రాయకండి.

వల, గాలం, బుట్టలతో పట్టేది మాత్రం నిక్షేపంగా రాయండి. 2006 చట్టంలో 3(1)(డి) కింద నీటి వనరుల్లో చేపలు, పశువుల మేత రెండూ ఊరుమ్మడి హక్కులే. వీటికి ఒక్కొక్కరు పెట్టే ఫారం-ఎ కాదు, గ్రామసభ పెట్టే ఫారం-బి కావాలి. చాలా ఊళ్ళలో భూమి పట్టా గొడవలో పడి ఈ ఫారం సంగతే మర్చిపోతారు. మేకలు తోలే దారి, మడుగు పేరు, వాగు ఎక్కడ మొదలై ఎక్కడ ఊరి పొలిమేర దాటుతుందో, ఏ నెలల్లో పడతారో అన్నీ రాయించండి. పక్క ఊరివాళ్ళు కూడా అదే మడుగులో పడుతుంటే వాళ్ళని పిలిచి రెండు గ్రామసభలూ కలిసి కూర్చుని రాసుకోండి, లేకపోతే తర్వాత ఆ తగాదా చూపించే మీ ఇద్దరి దరఖాస్తులూ పక్కన పడేస్తారు.