ఆస్పరాగస్ మొలకలు సన్నబడుతున్నాయి, ఏ మందు కొట్టాలి?

ప్రశ్న: గత ఏడాది జూలైలో పెరట్లో కాలువ తీసి 24 ఆస్పరాగస్ దుంపలు నాటాం. ఆరో నెల నుంచి మొలకలు కోసుకుంటున్నాం. మొదట్లో చిటికెన వేలంత లావు వచ్చేవి, ఇప్పుడు చీపురు పుల్లల్లా వస్తున్నాయి. కొన్ని మొక్కలు పసుపు పచ్చబడి వాలిపోతున్నాయి. షాపులో బూజు తెగులని ఇచ్చిన మందులు మూడుసార్లు కొట్టాం, తగ్గలేదు. ఇంకేం వాడాలి?
– ఒక రైతు, చేవెళ్ల మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: ఏ మందూ వద్దు. మీరు పంపిన ఫొటోల్లో తెగులు లేదు. కాండం ఎండు తెగులైతే కాడ మీద కదురు ఆకారంలో గోధుమరంగు మచ్చలు, వాటి నడుమ గుండుసూది మొనంత నల్లటి చుక్కలు కనబడాలి. మీ కాడలు నున్నగా ఉన్నాయి. రెండో ఫొటోలో ఒకే దుంప చుట్టూ నేలమట్టానికి కోసిన మోళ్లు పదకొండు లెక్కపెట్టాను, విచ్చుకున్న కొమ్మ ఒక్కటే ఉంది. అసలు జబ్బు అదే.

కుచ్చులా విచ్చుకునే ఆ కొమ్మలు ఆహారం తయారుచేస్తేనే వేర్లలో నిల్వ చేరుతుంది, ఆ నిల్వతోనే కొత్త మొలక లావుగా లేస్తుంది. నాటిన ఏడాది ఒక్క మొలకా కోయకూడదు. రెండో ఏడు రెండు వారాలు, మూడో ఏటి నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు కోసుకోవచ్చు. ఇది చలి దేశాల లెక్క, అక్కడ చలికాలంలో మొక్క ఎండి నిద్రపోతుంది. మనకు ఆ నిద్ర లేదు, మొలకలు ఏడాది పొడవునా వస్తాయి, చెయ్యి ఊరుకోదు. అందుకే థాయ్‌లాండ్, తైవాన్ రైతులు తల్లి కాడలు, అంటే కోయకుండా కొమ్మలుగా విచ్చుకోనిచ్చే కొన్ని కాడలు, ఉంచుతారు.

మీరూ అదే చేయండి. వచ్చే ఫిబ్రవరి దాకా కత్తి పక్కన పెట్టండి. ఆ తర్వాత దుంపకు నాలుగైదు లావు కాడలు వదిలి, కర్రలు పాతి కట్టి, వాటికి మించి వచ్చే మొలకలు 20 సెం.మీ. ఎత్తు పెరగగానే కోయండి. పెన్సిల్ కంటే సన్నగా ఉంటే వదిలేయండి. రెండు మూడు నెలలకు తల్లి కాడలు ముదిరి పండితే కోత ఆపి కొత్త కాడలను పెంచుకోవాలి.

పచ్చబడటం నీళ్ల వల్ల. నల్లమట్టిలో అడుగు లోతు కాలువ తీసి దుంప పెడితే బానలో పెట్టినట్టే. పక్కన మట్టి తీసి ఒక వేరు నొక్కి చూడండి. గట్టిగా, తెల్లగా ఉంటే బతికినట్టే. ఎర్రగోధుమ రంగుకు తిరిగి లోపల గుల్లై, తొక్కే మిగిలితే ఆ దుంప తీసి కాల్చేయండి, అదే గుంటలో మళ్లీ నాటొద్దు. మిగతా వరుసలకు నీరు బయటికి పోయేలా గండి కొట్టి, డ్రిప్ గొట్టాన్ని దుంప మీది నుంచి 15 సెం.మీ. పక్కకు జరపండి. 9 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే శిలీంధ్రం) కలిపి, తడి గోనె కప్పి నీడలో వారం ఉంచి, మొదళ్ల చుట్టూ చల్లండి. మందు కొట్టి 15 రోజులు కాకపోతే ఆగండి, లేకుంటే ఆ శిలీంధ్రమూ చచ్చిపోతుంది. మట్టి పరీక్ష చేయించారా? ఉదజని సూచిక (pH) 6.5–7.5 మధ్య ఉండాలి.

ఇక షాపు సంగతి. ఒకసారి మాంకోజెబ్, ఒకసారి హెక్సాకొనజోల్ (రెండూ బూజు మందులే), మూడోసారి లావు కావడానికంటూ జిబ్బరెల్లిక్ ఆమ్లం! అది కాడను సాగదీసే మందు, లావు చేసేది కాదు. డబ్బా మీద ఏ పంటకు, ఎంత మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అని రాసి ఉంటుంది. అందులో ఆస్పరాగస్ పేరుందేమో మీరు చదివారా, అమ్మినాయన చదివాడా? ఈ మొలక ఎండాకాలంలో తల ఎత్తిన నాలుగైదు రోజులకే కోతకొస్తుంది. మందు కొట్టి ఆగడానికి వ్యవధి ఎక్కడ? పైగా పచ్చిగా కూడా తింటారు. మీ ఇంట్లో పిల్లలున్నారని రాశారు కనుక చెబుతున్నాను, చివరి పిచికారీ తర్వాత లేచిన మొలకలను కూరకు వాడకండి, కొమ్మలుగా విచ్చుకోనివ్వండి.

పోయిన దుంపల స్థానంలో కొత్తవి కొంటే జూన్ దాకా ఆగి, ఎత్తు మడిలో 10–12 సెం.మీ. లోతున, 45 సెం.మీ. ఎడంగా నాటండి. మొలిచిన తీగకు ముళ్లుంటే అది మన పిల్లితీగ, శతావరి. దాయాదే కానీ మీరు అడిగిన కూర కాదు.