కాలేజీలో రోడ్డు భద్రత, తలగాయాల మీద అవగాహన కల్పించాలంటే ర్యాలీ చాలా?

చాలదు. మీ ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు ర్యాలీ తీద్దామంటున్నారని రాశారు. ఇబ్రహీంపట్నం వైపు మా ఇంజినీరింగ్ కాలేజీలో మేమూ తీశాం. ఫొటోలు దిగాం, సమోసాలు తిన్నాం. ముందు వరసలో బ్యానర్ పట్టుకున్న ముగ్గురూ సాయంత్రం ఒకే బండి మీద ఇంటికి పోయారు.

మరుసటేడు మా తమ్ముడు పడ్డాడు. నాగోల్ దగ్గర కంకర మీద బండి జారింది. వెనక కూర్చున్నాడు, హెల్మెట్ లేదు. లేచి ప్యాంటు దులుపుకొని "నాకేం కాలే" అన్నాడు. ఇంటికొచ్చి చాయ్ కూడా తాగాడు. ఎక్కడా నెత్తురు చుక్క లేదు. చీకటి పడేసరికి తలనొప్పి, రెండు వాంతులు. ఎండదెబ్బేమో అనుకొని పడుకోబెట్టాం. తెల్లారి ఎంత లేపినా కళ్లు తెరవలేదు. పుర్రె లోపల నెత్తురు గడ్డకట్టి మెదడును నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ చేసి తీశారు.

అందుకే మా జూనియర్లతో మాట్లాడేటప్పుడు నేను పోస్టర్లు పట్టుకెళ్లను. స్టీలు డబ్బాలో తోడుపెట్టిన పెరుగు పట్టుకెళ్తాను. మూత తీసి గడ్డ చూపిస్తా. మూతపెట్టి ఒక్కసారి బల్లకేసి కొట్టమంటా. డబ్బాకు సొట్ట కూడా పడదు, లోపల గడ్డ విరిగి నీళ్లు తేలుతాయి. మెదడు సరిగ్గా పెరుగులా ఉండదు, నిజమే. కానీ తల ఠక్కున ఆగినప్పుడు లోపలిది మాత్రం ఆగకుండా పోయి ఎముకకు కొట్టుకుంటుందని అర్థమైపోతుంది. హెల్మెట్ లోపలి థర్మకోల్ నలిగేది ఆ ఊపును మింగడానికే. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయాలి. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొనేవాళ్లు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న నంబరు చూసుకోవాలి (దొంగ స్టిక్కర్లూ ఉంటాయి, అది వేరే గోల). గడ్డం కింద పట్టీ పెట్టకపోతే పడేటప్పుడు ముందు ఎగిరిపోయేది హెల్మెటే. మనవాళ్లు ట్రాఫిక్ పోలీసు కనిపించాక మోచేతికున్నది నెత్తిన పెట్టుకుంటారు, పట్టీ సంగతి తర్వాత.

ఇంకోటి చెప్పండి: పడ్డవాడు మాట్లాడుతున్నాడని వదిలేయొద్దు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వెంటనే 108. రోడ్డు మీద పడ్డవాణ్ని ముట్టుకుంటే పోలీసు కేసులో ఇరుక్కుంటామని పిల్లల్లో ఇంకా భయం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ల రక్షణ కోసమే పెట్టారు. పేరు చెప్పమని వాళ్లను బలవంతం చేయకూడదు.

అసలు ఎవరూ మాట్లాడనిది తర్వాతి సంగతి. తమ్ముడు నాలుగు నెలలకు కాలేజీకొచ్చాడు. జుట్టు పెరిగింది, మచ్చ కనబడదు. పొద్దున చెప్పిన పాఠం మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. క్యాంటీన్ గోలకు తల పట్టుకునేవాడు, ఊరికే కసురుకునేవాడు. వాసన పోయింది. బిర్యానీ పొట్లం ముందు పెడితే "ఏంది ఇది?" అన్నాడు. లెక్చరర్ ఒకాయన అందరి ముందే "బద్ధకం" అన్నాడు. మీ కార్యక్రమానికి ముందు వరసలో లెక్చరర్లను కూర్చోబెట్టండి. అలా తిరిగొచ్చినవాళ్లకు పరీక్షలో అదనపు సమయం, క్లాసు నోట్సు, మధ్యలో కాసేపు నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఇప్పించగలరేమో ప్రిన్సిపాల్‌ను అడగండి.

డబ్బా పెరుగు మాత్రం ఇంట్లో తోడేసిందే తెచ్చుకోండి. హాస్టల్ మెస్ పెరుగు కొట్టకముందే నీళ్లలా ఉంటుంది.