ఆర్మ్‌స్ట్రాంగ్ సంపుటిని వినబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీర్వదించి వ్రాయునది.

అమెరికన్ జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన రికార్డులను కొలంబియా లెగసీ 2000లో నాలుగు సీడీలుగా మళ్లీ వెలువరించిన సంపుటి నీ చేతికి వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. ఎలా వినాలని అడిగావు కనుక చెబుతున్నాను: తేదీల వరుసలో, రోజుకు నాలుగైదు పాటలకు మించకుండా విను. ఇవి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుకు ఒక వైపు పట్టేలా మూడేసి నిమిషాల లెక్కన వాయించినవి. ఆనాటి శ్రోతలు ఒక్కో పాటనూ ముల్లు మళ్లీ మొదట్లో పెట్టుకుని పదేపదే విన్నారు. నేను తొలిసారి ఒకే పూటలో రెండు సీడీలు వినేసి, అన్నీ ఒకేలా ఉన్నాయన్న తప్పుడు అభిప్రాయంతో చాలాకాలం వాటిని ముట్టుకోలేదు.

మొదటి పాటలు 1925 నవంబరు 12న షికాగోలో ఓకే అనే రికార్డుల కంపెనీ కోసం చేసినవి. వాటికి మైక్రోఫోను వాడలేదు. వాద్యకారులు పెద్ద గరాటా ముందు నిలబడి వాయించేవారు. అందుకే ఆ తొలి రికార్డుల్లో డ్రమ్ములు లేవు, జానీ సెంట్ సిర్ బాంజోయే తాళం మోస్తుంది. ఈ భాగాన్ని విసుగుతో దాటవేయవద్దు. కిడ్ ఓరీ ట్రాంబోన్, జానీ డాడ్స్ క్లారినెట్, ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) ఒకదానినొకటి అల్లుకుపోయే న్యూ ఆర్లియన్స్ పద్ధతి నీ చెవికి పట్టితేనే, ఆ అల్లికలోంచి ఒక్క గొంతు క్రమంగా ఎలా పైకి లేచిందో తెలుస్తుంది. లిల్ హార్డిన్ పియానో మీద కూడా కాస్త శ్రద్ధ పెట్టు. ఆమెకు దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

1927 మే నెలకు వచ్చేసరికి మైక్రోఫోను వాడే విద్యుత్ రికార్డింగుతో పాటు ట్యూబా, డ్రమ్ములు చేరతాయి. ‘పొటాటో హెడ్ బ్లూస్’లో బృందమంతా రెండేసి ఆవృత్తాలకు ఒక్క దెబ్బ మాత్రమే వేసి ఆగిపోతుంటే, ఆ ఖాళీలన్నిటినీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే నింపుతాడు. మృదంగం ఆగినా మనసులో తాళం తప్పకుండా స్వరకల్పన వినడం నీకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఇక్కడ కూడా చేత్తో తాళం వేసుకుంటూ విను.

శబ్దం విషయంలో నా మాట తప్పక పాటించు. పాత రికార్డుల బరబర వినిపించకుండా చేసే సదుపాయాన్ని వాడవద్దు, ఎందుకంటే ఆ బరబరతో పాటు ట్రంపెట్ మెరుపు, కంచు తాళాల మోతలోని పదును కూడా కొట్టుకుపోతాయి. రెండు మూడు పాటలు విన్నాక చెవి దానికదే సర్దుకుంటుంది. ఇంకొక ముద్రణతో పోల్చినప్పుడు శ్రుతి కొద్దిగా తేడాగా ఉంటే, పాత రికార్డును వేరే వేగంతో తిప్పి ఎక్కించి ఉండవచ్చునని గ్రహించు.

1928 జూన్ 28న రికార్డు చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ను మాత్రం తొందరపడి ముందే వినకు. తోడు వాద్యమేదీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే మొదలుపెట్టే ఆలాపన, మాటల్లేని గొంతుకూ క్లారినెట్‌కూ మధ్య సంభాషణ, ఎర్ల్ హైన్స్ పియానో, చివర్లో దాదాపు నాలుగు ఆవృత్తాల పాటు నిలిచే ఒకే ఒక్క పై స్వరం, ఇవన్నీ మూడేళ్ల పాటలు వరుసగా విన్న చెవికే పూర్తిగా అందుతాయి. అక్కడికి చేరిన రోజున మరో పాట పెట్టకుండా, నాకు ఫోను చెయ్యి.

నీ మేనమామ